ముప్పై రెండో ప్రశ్నకు సున్నా

విద్యాశాఖ ఆఫీసులో సూపరింటెండెంట్ దేవేంద్ర ఒక జిరాక్సు కాగితాన్ని బల్లమీద తిప్పి అమర్‌నాథ్ ముందుకు జరిపాడు. పదో తరగతి లెక్కల పేపరులో ఒక పేజీ అది. ఎడమవైపు ముప్పై రెండు అని ప్రశ్న నంబరు, దాని కింద స్కేలుతో గీసిన దీర్ఘచతురస్రం. దానికి పక్కన ఒక సన్నటి పట్టీ, పైన ఇంకో సన్నటి పట్టీ. మార్జిన్‌లో సున్నా. జిరాక్సులో ఎర్ర సిరా నల్లగా మారింది గానీ ఆ సున్నా ఎవరిదో అమర్‌నాథ్‌కు వెంటనే తెలిసింది. ముప్పై ఏళ్లుగా అతను సున్నాను కింది నుంచి మొదలుపెట్టి చుడతాడు. కొసన చిన్న తోక మిగులుతుంది.

"మీదే గదా సార్?" అన్నాడు దేవేంద్ర.

"నాదే."

"ఏమీ లేదు, ఫార్మాలిటీ. ఆ పాప హైకోర్టులో కేసు వేసింది. ఎనిమిది మార్కుల ప్రశ్నకు సున్నా పెట్టినారు, మళ్లీ దిద్దాలంట. మనం అప్పుడే చెప్పినాం, అన్ని జవాబులూ దిద్దినారు, కూడిక సరిగ్గా ఉండాది అని. దిద్దకుండా వదిలేసుంటే మన తప్పు. సున్నా పెట్టినామంటే దిద్దినట్టే. దిద్దినదాన్ని మళ్లీ దిద్దేదానికి రూలు లేదు. మీ వివరణ ఒకటి గవర్నమెంటు ప్లీడరుకు పంపల్ల. నేనే టైపు చేయించినా. సంతకం పెట్టేసి, టీ తాగి పోండి."

టైపు చేసిన కాగితంలో ఉన్నది ఒకటే వాక్యం. అభ్యర్థి రాసిన జవాబు సమాధాన సూచికలోని సోపానాల ప్రకారం లేనందున సున్నా ఇవ్వడమైనది. అమర్‌నాథ్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"రేపు ఇస్తానప్పా."

"రేపేంది సార్? ఒక్క సంతకం. లెక్కల సారు కాబట్టి దీనికి కూడా లెక్కలు వేస్తారా?" అని దేవేంద్ర తనే నవ్వాడు. అమర్‌నాథ్ నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "మేడం పోయినాక మీరు సగమైపోయినారు సార్. ఇట్లాంటివన్నీ నెత్తిమీద పెట్టుకోవద్దండి."

అమర్‌నాథ్ ఆ కాగితాన్నీ, జిరాక్సునూ, పిటిషన్ కాపీనీ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

మదనపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని పిటిషన్ తీశాడు. శ్రుతి, మైనరు, తండ్రి కొండప్ప, వృత్తి గొర్రెల పెంపకం, సదుం మండలం. చదివింది పుంగనూరు ఆడపిల్లల హైస్కూలు. పదో తరగతి మార్కుల మీద సీట్లిచ్చే ట్రిపుల్ ఐటీ మొదటి జాబితాలో పేరు రాలేదనీ, ఆ ఎనిమిది మార్కులు కలిస్తే వస్తుందనీ, ఇంకా రెండు జాబితాలు ఉన్నాయి కనుక తొందరగా తేల్చాలనీ రాసి ఉంది. ఆ పిల్ల పేరు అతను చదవడం ఇదే మొదటిసారి. స్పాట్ వాల్యుయేషన్‌కు వచ్చే పేపర్ల మీద పేరు ఉండదు, ఊరు ఉండదు. కానీ ఆ పిల్లకు పాఠం చెప్పింది ఎవరో ఏప్రిల్‌లో ఆ పేజీ తిప్పిన క్షణమే అతనికి తెలుసు.

శోభ అతని భార్య. పంతొమ్మిదేళ్లు పుంగనూరులోనే లెక్కల టీచరు. పొద్దున ఏడున్నర బస్సుకు పోయి సాయంత్రం ఆరింటికి వచ్చేది. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరి మాటలూ బడి గురించే. రైళ్ల లెక్కలు, పడవల లెక్కలు వచ్చినప్పుడు పల్లె పిల్లలు బెదిరిపోతున్నారని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. మూడువందల అరవై కిలోమీటర్ల దూరం పోయే రైలు గంటకు ఐదు కిలోమీటర్లు వేగం పెంచితే గంట ముందు చేరుతుంది, అసలు వేగమెంత? అందరూ వేగాన్ని x అనుకుని భిన్నాలు రాస్తారు. శోభ వరి మడి గీయించేది. నిలువు వేగం, అడ్డం కాలం, మడి మొత్తం దూరం. ఒక పక్క గంట వెడల్పున పట్టీ పోయింది, పైన ఐదు ఎత్తున పట్టీ వచ్చింది. మడి విస్తీర్ణం మారలేదంటే పోయిన పట్టీ, వచ్చిన పట్టీ సమానం కావాలి. అక్కడి నుంచి రెండు మూడు వరుసల్లో జవాబు వచ్చేస్తుంది, నలభై. చివర ఒక గడి గీసి అందులో 'సరిచూద్దాం' అని రాయించేది. నలభై తొమ్మిదులు మూడువందల అరవై, నలభై ఐదు ఎనిమిదులు మూడువందల అరవై.

"కీలో ఇట్లా ఉండదు," అని అమర్‌నాథ్ అప్పట్లో అన్నాడు. "ఈ మడి చూసి దిద్దేవాడు బెదురుతాడు."

"బెదిరేవాడు లెక్కల సారు ఎట్లయినాడంట?" అంది శోభ కూరగాయలు తరుగుతూనే.

మార్చిలో, పరీక్షలకు వారం ముందు, తరగతి గదిలోనే ఆమె పడిపోయింది. తిరుపతి తీసుకుపోయేలోపే అయిపోయింది. దివసాలు అయిన వారానికే స్పాట్ మొదలైంది. సెలవు అడిగితే ఇచ్చేవాళ్లే. ఇంట్లో ఉండలేక అతనే పోయాడు.

జిల్లాలు విడిపోయాక పుంగనూరు ఒక జిల్లా, మదనపల్లె ఒక జిల్లా. పక్క జిల్లా పేపర్లు ఈ క్యాంపుకు రావచ్చన్న ఆలోచన అతనికి రాలేదు. మధ్యాహ్నం కట్టలో ఏడో పేపరు అది. మడి కనిపించింది. కింద గడి, గడిలో 'సరిచూద్దాం'. పుస్తకాల్లో 'సరిచూచుట' అని ఉంటుంది. శోభ ఒక్కతే అట్లా రాయించేది. అతను ఆ జవాబును ఒకసారి చదివాడు. ఇంకోసారి చదవడానికి ధైర్యం చాలలేదు. ఒక్క తప్పు లేదు. ఎనిమిది వేయడానికి పెన్ను ఎత్తాడు. ఎత్తిన చేయి ఆగిపోయింది. ఈ ఎనిమిది లెక్కకు వేస్తున్నానా, శోభకు వేస్తున్నానా? ముప్పై ఏళ్లలో ఒక్క మార్కు కూడా తెలిసిన పిల్లలని వేసినవాడు కాడు. ఎవరి పేపరో గుర్తుపడితే దాన్ని చీఫ్ ఎగ్జామినర్‌కు ఇచ్చి కారణం చెప్పాలి, అది పద్ధతి. కారణం చెప్పాలంటే నలభై మంది కూర్చున్న ఆ హాల్లో శోభ పేరు పలకాలి. ఆమె పోయినప్పటి నుంచి ఆ పేరు అతని నోటివెంట రాలేదు.

క్యాంపులో ఇంకో వాడుక ఉంది. మిగతా అంతా బాగా రాసిన పేపరులో ఎనిమిది మార్కుల ప్రశ్నకు సున్నా పడితే చీఫ్ ఎగ్జామినర్ తప్పకుండా ఆ పేజీ తెరిచి, తనే చదివి, ఆకుపచ్చ సిరాతో మార్కు వేస్తాడు. చీఫ్ ఎగ్జామినర్ హనుమంతు. మంచి లెక్కలవాడు. అతను చూస్తాడు, అతని చేత్తో ఎనిమిది వేస్తాడు, తన చేయి దానికి తగలకుండా ఉంటుంది. అలా అనుకుని అమర్‌నాథ్ సున్నా పెట్టాడు. ఆ పేపరును కట్టలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

సాయంత్రం హనుమంతు కట్ట దగ్గరికి వచ్చాడు. "అమర్ సార్ కట్టలో చూసేదేముంది?" అని నలభై పేపర్ల మీదా వరసగా సంతకాలు చేసుకుంటూ పోయాడు. "లెయ్యప్పా, నువ్వు నాలుగు గంటల బస్సుకే పో. మొహం చూడు, ఎట్లుండాదో."

మర్నాడు పొద్దున అతను వెళ్లేసరికి కట్టకు సీలు పడింది. అప్పుడైనా అడిగి ఉండవచ్చు. హనుమంతు ఆ పేజీ చూసే ఉంటాడని అనుకున్నాడు. నిజానికి అనుకోలేదు, అనుకోవాలని అనుకున్నాడు. ఈ మూడు నెలలూ అతన్ని తింటున్నది సున్నా పెట్టడం కాదు, ఆ పొద్దున నోరు తెరవకపోవడం.

మదనపల్లెలో బస్సు దిగి నేరుగా హనుమంతు ఇంటికి పోయాడు. హనుమంతు వరండాలో కూర్చుని జిరాక్సును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"కరెక్టుగా ఉండాదే ఇది," అన్నాడు చివరికి.

"ఉండాది."

"శోభమ్మదా?"

అమర్‌నాథ్ తల ఊపాడు. ఏం జరిగిందో చెప్పాడు. "నిజం రాయల్లనుకుంటాండా. రాస్తే నీ సంతకం సంగతి కూడా రాయాల్సి వస్తాది. నీకు ఇంకా పద్నాలుగు నెలలు సర్వీసు ఉండాది."

హనుమంతు కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆ దినం నీకు ఉపకారం చేస్తాండానని అనుకున్నానప్పా. పేపర్లు తెరవకుండా సంతకం పెట్టినాను, నువ్వు తొందరగా ఇంటికి పోతావని." కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు. "రాయి. ముప్పై మూడేండ్లలో ఒక్క మెమో లేదు నాకు. ఒకటన్నా లేకపోతే పెన్షన్ కాగితాల్లో నన్ను యాడ గుర్తుపడతారు ఆఫీసోళ్లు?"

లోపలి నుంచి అతని భార్య ఆదిలక్ష్మి కాఫీ తెచ్చింది. అమర్‌నాథ్ గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

మర్నాడు పుంగనూరు పోయాడు. పిటిషన్ కింద ఉన్న లాయరు భీమరావు ఆఫీసు ఒక మేడ మీద ఉంది. లోపల బెంచీ మీద తలగుడ్డ కట్టుకున్న మనిషి, పక్కన సన్నగా ఒక ఆడపిల్ల. అమర్‌నాథ్‌ను చూడగానే ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

"సార్, మీరు శోభమ్మ మేడం ఇంటాయన గదా? దివసాలకు వచ్చినాను, మీరు నన్ను సూసుండరు. నేను కొండప్ప. ఇది మా పాప, శ్రుతి."

"కూర్చోండి సార్," అన్నాడు భీమరావు. "మేడం నాకూ తెలుసు. మా చెల్లెలు ఆమె దగ్గరే చదివింది. ఏం పనిమీద వచ్చినారు?"

అమర్‌నాథ్ జవాబు చెప్పేలోపు కొండప్పే అందుకున్నాడు. "మేడం ఉండింటే మాకు ఈ కోర్టులు యాల సార్? ఆయమ్మే పోయి కొట్లాడి తెచ్చుండు. ఇప్పుడు నేను గొర్రెల్ని తమ్ముడి మీద వదిలేసి ఈడికి తిరగతాండా."

"కొండప్పకు వాయిదా అంటే సంత లెక్క సార్," అన్నాడు భీమరావు. "కేసు అమరావతిలో జరుగుతాదయ్యా అంటే వినడు. ప్రతి వారం వచ్చి ఈడ కూసుంటాడు."

"ఆడికి పోతే దోవ తెలీదు. ఈడైతే తెలుసు గదా," అన్నాడు కొండప్ప. అతనూ నవ్వాడు.

ఆ పిల్ల నవ్వలేదు. అమర్‌నాథ్‌నే చూస్తోంది. "సార్, మీరూ లెక్కల సారే గదా?"

"అవునమ్మా."

"మడి లెక్క తప్పా సార్?"

అతను సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"సీటు సంగతి నాయన చూసుకుంటాండాడు. నాకు ఇదొక్కటి చెప్పండి సార్. సున్నా వచ్చిందని బళ్లో అందరికీ తెలిసిపోయింది. కొత్తగా టెన్త్‌కు వచ్చిన పిల్లోళ్లు మడి గీసేది మానేసినారు. మేడం తప్పు చెప్పిందంట అంటాండారు."

"తప్పు కాదమ్మా. ఒక్క చోట కూడా తప్పు లేదు."

"మరి సున్నా యాల పెట్టినారు?"

"పెట్టింది నేనేనమ్మా."

పైన ఫ్యాను ఒకవైపు ఊగుతూ తిరుగుతోంది. భీమరావు చేతిలోని పెన్ను బల్లమీద పెట్టాడు. "ఏమంటాండాడు పాపా, సారు?" అన్నాడు కొండప్ప కూతురి వైపు తిరిగి. ఆ పిల్ల బల్లమీది కేసు కట్టలోంచి జిరాక్సును తీసుకుని ఆ సున్నాను చూసింది. తర్వాత అతన్ని చూసింది.

"మీకు మేడం ఈ లెక్క చెప్పలేదా సార్?"

"చెప్పింది," అన్నాడు అమర్‌నాథ్.

కొండప్ప మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. తిడతాడేమో అనుకున్నాడు అమర్‌నాథ్. తిట్టి ఉంటే బాగుండేది.

భీమరావు ఇచ్చిన తెల్లకాగితాల మీద అతను అక్కడే కూర్చుని రాశాడు. ముప్పై రెండో ప్రశ్నకు అభ్యర్థిని రాసిన జవాబు పూర్తిగా సరైనది, ఎనిమిదికి ఎనిమిది రావలసినది. ఇతర పద్ధతుల్లో చేసినా పూర్తి మార్కులు ఇవ్వాలని సమాధాన సూచికలోనే ఉన్నది. ఆ పద్ధతి నేర్పినది ఎవరో నేను గుర్తుపట్టాను. ఆ సంగతి పైఅధికారికి చెప్పలేదు, ఆయన పేపర్లు తెరవకుండానే సంతకాలు చేశారు. ఇంతవరకు చేయి ఆగకుండా నడిచింది. తర్వాతి వాక్యం దగ్గర ఆగింది. కొంతసేపటికి రాశాడు. నేర్పినది నా భార్య శోభ. నాలుగు నెలల తర్వాత ఆ పేరు అతని నుంచి వెలువడింది కోర్టు కాగితం మీద.

ఒక ప్రతి భీమరావు నోటరీ చేయించి ఉంచుకున్నాడు. రెండోది అమర్‌నాథ్ మర్నాడు దేవేంద్రకు ఇచ్చాడు. దేవేంద్ర చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు.

"ఇదేం రాసినారు సార్? దీన్ని నేనెట్లా పంపేది? మీ గొయ్యి మీరే తవ్వుకుంటాండారు, పక్కన హనుమంతు సారుకు ఇంకొకటి."

"పంపకపోయినా పర్వాలేదప్పా. వాళ్ల లాయరు దగ్గర ఒకటి ఉండాది."

కాగితం నిజమే చెప్పింది గానీ కోర్టు దాని వేగాన అది నడిచింది. ప్రభుత్వం తరఫున కౌంటరుకు గడువు అడిగారు, ఇచ్చారు. మళ్లీ అడిగారు, మళ్లీ ఇచ్చారు. ఈలోగా రెండో జాబితా వచ్చింది, మూడోదీ వచ్చింది. ఆగస్టు చివరి వారంలో తీర్పు వచ్చింది. వేరే ఎగ్జామినర్ చేత ఆ ఒక్క జవాబు దిద్దించాలి. ఇది ఈ కేసుకు మాత్రమే వర్తిస్తుంది. సీట్ల భర్తీ ముగిసిపోయింది కనుక అందులో కలగజేసుకోలేము.

"గెలిచినాం సార్," అన్నాడు భీమరావు ఫోనులో.

అమర్‌నాథ్‌కు రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. ఇకమీదట పేపర్లు దిద్దే పనికి పిలవకూడదని రాశారు. హనుమంతుకు మెమో వచ్చింది. "వచ్చిందప్పా," అన్నాడు రోడ్డు మీద కనిపించినప్పుడు. "పేరు తప్పు లేకుండా రాసినారు." అని భుజం మీద చేయి వేసి, ఏదో పనున్నట్టు తొందరగా వెళ్లిపోయాడు.

అక్టోబరులో కొత్త మార్కుల మెమో పుంగనూరు బడికి వచ్చింది. కొండప్ప దాన్ని తీసుకుని ఫోన్ చేశాడు. "పాప కుప్పంలో ఉండాది సార్, మా చెల్లెలు మునిరత్నమ్మ ఇంట్లో. ఆడ ఇంటర్లో చేర్పించినాను. మెమో ఇచ్చేదానికి పోతాండా. మీరూ వస్తారా?"

ఎందుకు పిలిచాడో అమర్‌నాథ్ అడగలేదు. పలమనేరు మీదుగా పోయే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వి.కోట దాటేదాకా కొండప్ప వానల గురించీ మేత గురించీ చెప్పాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "మీ మీద కోపం ఉండింది సార్. బాగా ఉండింది. పుంగనూరులో మీరు కనపడితే అడగల్ల అనుకుంటి. ఆ మధ్యన గొర్రెలకు రోగం వచ్చింది, ఆ గోలలో పడి కోపం యాడ పోయిందో తెలీదు."

మధ్యాహ్నం భోజనం వేళ శ్రుతి కాలేజీ మెట్ల దగ్గరికి వచ్చింది. మెమో చేతికి ఇస్తే లెక్కల ఎదురుగా ఉన్న అంకె మీద వేలు పెట్టి చూసింది. "కలిపినారు," అంది. మడిచి పుస్తకంలో పెట్టుకుంది. అంతే. కొండప్ప సంచిలోంచి చక్కిలాలు, వేరుశెనక్కాయలు తీసి మెట్టు మీద పెట్టాడు.

అమర్‌నాథ్ లెక్కల నోట్సు అడిగాడు. ఆ పిల్ల ఇచ్చింది. చక్కటి రాత. అన్ని లెక్కలూ ఫార్ములాతో, వరస వెంబడి వరస, ఎవరు దిద్దినా వేలెత్తి చూపడానికి లేకుండా ఉన్నాయి. మడి ఎక్కడా లేదు. 'సరిచూద్దాం' లేదు. పేజీలు తిప్పుతుంటే ఒక పక్క కాగితం గరుకుగా వేలికి తగిలింది. నోట్సును వెలుతురుకు వాల్చి చూశాడు. సిరా రాతల పక్కన, రబ్బరుతో చెరిపిన చోట, పెన్సిలు నొక్కిన జాడలు సన్నగా ఉన్నాయి. ఒక దీర్ఘచతురస్రం. పక్కన పట్టీ, పైన పట్టీ. ముందు పేజీలోనూ ఉంది. దాని ముందు పేజీలోనూ ఉంది.

"ఇదేందమ్మా?"

శ్రుతి ఒకసారి తండ్రి వైపు చూసింది. "మొదట పెన్సిల్‌తో మడి గీసుకుంటా సార్. ఆన్సరు వచ్చినాక చెరిపేసి ఫార్ములాతో రాస్తా."

"చెరపడం యాల? తప్పు కాదని కోర్టే చెప్పింది గదా."

"కోర్టు వచ్చి పేపరు దిద్దదు గదా సార్," అంది ఆ పిల్ల. అందులో ఎత్తిపొడుపు లేదు. లెక్కలో ఒక మెట్టు చెప్పినట్టు చెప్పింది.

గంట కొట్టారు. నోట్సు తీసుకుని, చక్కిలాల పొట్లం తీసుకుని ఆమె లోపలికి పోయింది. కొండప్ప కూతురు కనుమరుగయ్యేదాకా చూసి అమర్‌నాథ్ వైపు తిరిగాడు.

"బాగా చదవతాండాదా సార్? నాకైతే ఆ రాతలు తెలీవు."

"బాగా చదువుతాండాది."

"మేడం చెప్పినట్టే చేస్తాండాదా?"

"మేడం చెప్పినట్టే చేసి చూసుకుంటాండాది," అన్నాడు అమర్‌నాథ్. చెరిపేస్తోందని మాత్రం చెప్పలేదు.